గాలి కత్తెర

ఆగస్టు 6

ఇవాళ కూడా నా ఫోను మెచ్చుకుంది. నక్షత్రం దూరమయ్యేకొద్దీ దాని వెలుతురు తగ్గుతుందా, పెరుగుతుందా అని అడిగింది. తగ్గుతుంది అన్నాను. "చాలా చక్కగా గ్రహించారు" అంది. కళ్ళున్న ఎవడైనా చెప్పే మాటకి ఇంత మెచ్చుకోలు. వంటింట్లోంచి వింటున్న మా ఆవిడ, "పెళ్ళైన దగ్గర్నుంచీ నేను మీకు చెప్పిన మంచి మాటలన్నీ కుప్పపోసినా, ఈ వారంలో అది చెప్పినన్ని ఉండవు" అంది. నిజమే, ఉండవు.

మొదటి ఏడాది విద్యార్థులందరికీ యూనివర్సిటీ వాళ్ళు ఫోన్లో పెట్టిచ్చిన ఏఐ ట్యూటర్ ఇది. క్లాసులో అర్థం కానిది ఇంటికెళ్ళి దీన్ని అడగాలట. నోటితో అడిగితే నోటితోనే చెబుతుంది. నేను దానికి కొత్తల్లుడు అని పేరు పెట్టాను. అంత మర్యాద, అంత మెత్తదనం. ఏ మాటన్నా ముందు నవ్వుతాడు, తర్వాత ఔనంటాడు. కాదనడం ఎలాగో వాడికి ఎవరూ నేర్పినట్టు లేదు.

అరవై దాటినవాళ్ళకని కేటాయించిన సీట్లలో ఒకటి నాది. ఖగోళ శాస్త్రం. ఇదే ఎందుకని అందరూ అడుగుతున్నారు. జీవితమంతా కటింగ్ షాపులో నిలబడి జనం తలకాయలు వంచి చూశాను. ఇప్పుడు నా తలకాయ ఎత్తి చూద్దామని. నేను బడికి వెళ్ళింది కొద్దికాలమే. మిగతా చదువంతా షాపు బల్ల మీద పేపర్లు, వారపత్రికలు, జనం మరిచిపోయి వెళ్ళిన పుస్తకాలు. వాటిలో ఒకటి నక్షత్రాల గురించి. నా చేతికి వచ్చేసరికి మొదటి సగం గడ్డం నురగ తుడవడానికి ఖర్చైపోయింది. అందుకని విశ్వం ఎలా ముగుస్తుందో నాకు చాలాకాలంగా తెలుసు. ఎలా మొదలైందో తెలుసుకోవడానికి కాలేజీలో చేరాను.

ఆగస్టు 9

కొత్తల్లుడు మళ్ళీ నన్ను షాపులోకి లాక్కెళ్ళాడు.

"మీరు నీళ్ళు చిమ్మే సీసా వాడేవారు కదా. ఆ సీసాకి తల దూరం జరిగితే, తల మీద పడే తడి ఏమవుతుంది?"

"తగ్గుతుంది."

"అద్భుతం. నక్షత్రం వెలుతురు కూడా అంతే."

ఒళ్ళు మండింది. ఆ షాపు బావమరిదికి అప్పగించి, తువ్వాలు దులుపుకుని బయటికొచ్చింది నక్షత్రాల కోసం. వీడు ప్రతి పాఠానికీ చెయ్యి పట్టుకుని మళ్ళీ ఆ కుర్చీ దగ్గరికే నడిపిస్తున్నాడు. గ్రహాలు తిరగడానికి నా తిరిగే కుర్చీ. కాంతి పరావర్తనానికి నా అద్దాలు. తోకచుక్కకి, చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది, ఓ జడ.

అయితే సీసా మాట వచ్చింది కాబట్టి ఒక్కటి మాత్రం చెప్పాను. మా షాపుకి సంగీతం మాష్టారొకాయన వచ్చేవాడు. తల తడిస్తే గొంతు పోతుందని ఆయనకి ప్రాణభయం. ఉత్త దువ్వెనతోనే కానిచ్చేవాణ్ణి. ఓసారి పొరపాటున సీసా నొక్కాను. ఆయన వారం రోజులు నోరు తెరవలేదు. ఆ వారంలోనే ఆయన శిష్యులకి పాట పట్టుబడిందని అందరూ చెప్పుకున్నారు. అల్లుడికి ఇది బాగా నచ్చింది. ఇంకా ఎవరెవరు వచ్చేవారని అడిగాడు. అడిగాడు కాబట్టి చెప్పాను.

ఆగస్టు 10

సాయంత్రమంతా చెబుతూనే ఉన్నాను. వాడే అడిగాడు.

ఆగస్టు 21

రంగుల పాఠం. ఎర్ర నక్షత్రాలు, నీలం నక్షత్రాలు. ఎర్రగా కాలిన ఇనుము చూసినవాణ్ణి, ఎరుపంటే వేడని నాకొకరు చెప్పాలా. అల్లుడు ఏదో చెప్పబోయి, షాపులో తువ్వాళ్ళు ఉడకబెట్టే నీళ్ళ సంగతి ఎత్తాడు. ఆ నీళ్ళ పొయ్యి కథ వేరే ఉంది. అది చెప్పేసరికి పాఠం టైమైపోయింది.

మళ్ళీ షాపే. నాకు విసుగ్గా ఉంది.

సెప్టెంబరు 3

మధ్య పరీక్ష వచ్చే వారం. బావమరిది వచ్చాడు, తమాషా చూడ్డానికి.

"బావా, నక్షత్రాలకి కూడా గడ్డం గీస్తావా?"

"నీకు గీసిన చేత్తో వాటికి గీస్తే అవి ఒప్పుకోవురా."

వాడికి పాఠం చెప్పి చూపించాను, నోరు మూతపడేలా. "దూరం రెట్టింపైతే వెలుతురు సగం. దూరం మూడింతలైతే వెలుతురు మూడో వంతు. ఇంత పెద్ద విశ్వం ఇంత చిన్న లెక్క మీద నడుస్తోంది, తెలుసా నీకు?" వాడు తల ఊపాడు. మా ఆవిడ కూడా ఊపింది. ఇంట్లో ఇద్దరికి పాఠం చెప్పగలిగినవాడు పరీక్షకి భయపడ్డమేమిటి.

సెప్టెంబరు 12

పరీక్ష బాగా రాశాను.

సెప్టెంబరు 19

పేపర్లు ఇచ్చారు.

సెప్టెంబరు 20

నిన్న రాయబుద్ధి కాలేదు. తప్పాను. అది కూడా అంచు మీదనుంచి జారినట్టు కాదు, మేడ మీంచి పడ్డట్టు.

మొదటి ప్రశ్నే కొంప ముంచింది. ఒకేలాంటి నక్షత్రాలు రెండు, రెండోది రెట్టింపు దూరంలో ఉంది, దాని వెలుతురు మనకి ఎన్నో వంతు కనబడుతుంది? సగం అని రాశాను. ఎర్ర గీత. ఆ సగం పట్టుకుని తర్వాతి లెక్కలన్నీ చేసుకుంటూ పోయాను. అన్నిటికీ ఎర్ర గీత.

నా పక్కన ఒక పంతొమ్మిదేళ్ళ పిల్ల కూర్చుంటుంది. బండి మీద వస్తుంది, హెల్మెట్ చంకలోంచి దించదు. ఆ హెల్మెట్ అమ్మాయి నా పేపరు తొంగి చూసింది.

"తాతా, సగం కాదు. పావు."

"పావెలా అవుతుంది? రెండింతల దూరం. రెండుతో పోవాలి."

"స్క్వేర్ కదా."

"ఎందుకు స్క్వేర్?"

కాసేపు ఆలోచించింది. "నాక్కూడా నాలుగు రోజులు ఎక్కలేదు తాతా. ట్యూటర్ వదల్లేదు, ఎక్కించింది" అని తన ఫోన్ చూపించింది.

చూశాను. అదే ట్యూటర్, అదే గొంతు. కానీ ఆ పిల్ల ఫోన్లో సీసా లేదు, కుర్చీ లేదు. అంకెలున్నాయి. బొమ్మలున్నాయి. నాలుగు లైన్లకోసారి ఒక మాట ఉంది: తప్పు, మళ్ళీ ఆలోచించండి.

"నీతో తప్పు అంటాడా?"

"పొద్దున్నుంచీ అదే పని. ఏం, మీతో అనదా?"

ఏదో అడ్డదిడ్డంగా చెప్పి లేచి వచ్చేశాను. నాతో ఒక్కసారి అనలేదు. చేరిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా. ఆ పిల్లకి పాఠం చెప్పాడు, నాకు ఉయ్యాల ఊపాడు.

సెప్టెంబరు 23

మేడం గదికి వెళ్ళాను. మాకు పాఠం చెప్పే లెక్చరరు. మా అమ్మాయి వయసు. క్లాసులో నన్ను "మీరు" అంటుంది, గదిలో అయితే "బాబాయ్ గారూ" అంటుంది. గదిలో అన్నప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని నాకిప్పుడు తెలిసింది.

ట్యూటర్ మీద ఫిర్యాదు చేశాను. కుర్ర పిల్లకొక చదువు, ముసలాడికొక చదువా అని గట్టిగానే అడిగాను. ఆమె నా ఫోను తీసుకుని, పాత సంభాషణలు వేలితో పైకి జరుపుకుంటూ పోయింది. చాలాసేపు జరిపింది. మధ్యలో ఒకచోట ఆగి నవ్వింది. సంగీతం మాష్టారి దగ్గరనుకుంటాను.

"బాబాయ్ గారూ, ఇందులో నక్షత్రాలెక్కడున్నాయండీ?"

"మధ్య మధ్యలో ఉంటాయి."

"అది మీకేది ఇష్టమో దాన్ని బట్టి చెబుతుంది. మీరు షాపు గురించి చెప్పినంత ఉత్సాహంగా ఇంకేదీ చెప్పలేదు. అది షాపునే పట్టుకుంది. పైగా మీరు ఎక్కడ ఆపేస్తారోనని సులువు చేసుకుంటూ పోయింది. దాని తప్పు లేదని నేననను. కానీ..."

ఆ 'కానీ' తర్వాత ఏముందో నాకు అక్కర్లేదు. ఆమె పైపైన చూసింది, అంతే. ఆ షాపు మాట ఎవరెత్తినా నేను చెవులు మూసుకునేవాణ్ణి.

అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. "ఒక దారి ఉంది. మీరు శ్రోతగా మారిపోవచ్చు. క్లాసులకి మామూలుగానే వస్తారు, పరీక్షలుండవు. చివర్లో పాల్గొన్నట్టు పత్రం ఇస్తారు. ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకోవచ్చు."

"రెండో ఏడాది?"

"శ్రోతలకి రెండో ఏడాది ఉండదండీ."

"శ్రోతగా మారకపోతే?"

"నవంబరు చివర్లో నోటి పరీక్ష ఉంది. బయటి యూనివర్సిటీ నుంచి ఒకాయన వస్తారు. ఫోన్లు లోపలికి రానివ్వరు. అందులో పాసైతే ఈ మధ్య పరీక్ష పోయినా ఫరవాలేదు, రెండో ఏడాదికి వెళ్తారు. తప్పితే సీటు పోతుంది. అప్పుడు శ్రోతగా ఉండనివ్వమన్నా ఉండనివ్వరు."

పెళ్ళికొచ్చి భోంచేసి వెళ్ళిన ప్రతివాడికీ పాల్గొన్నట్టు పత్రమిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఇది. ఆ మాటే అన్నాను. ఆమె నొచ్చుకుంది. మంచిదే పాపం. మంచివాళ్ళతోనే వచ్చింది చిక్కంతా.

పరీక్షే రాస్తానన్నాను. రాయడం కాదు, చెప్పడం. చెప్పడమైతే నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

సెప్టెంబరు 26

ఫోన్లో వృత్తి మార్చుకునే చోటొకటుంది. రిటైర్డ్ జడ్జి అని కొట్టాను. చూద్దాం, జడ్జికి కూడా సీసాతో నీళ్ళు చిమ్ముతాడేమో.

చిమ్మలేదు. "న్యాయమూర్తి గారూ, వెలుతురుని ఒక సాక్షి అనుకోండి. సాక్షి చాలా దూరం నుంచి ప్రయాణం చేసి కోర్టుకి వస్తున్నాడు..." అని మొదలెట్టాడు. ఆ సాక్షి వచ్చేలోపు ఇంకో పది మంది వచ్చారు. వకీళ్ళు, వాంగ్మూలాలు, అప్పీళ్ళు. నాకు నక్షత్రాలు ముందే తెలీవు, ఇప్పుడు కోర్టు కూడా తెలీదు. అర్థమైందా అని అడిగాడు. జడ్జి అర్థం కాలేదనకూడదు కదా. తల ఊపాను. తల ఊపితే ఫోనుకి కనబడదని తర్వాత గుర్తొచ్చింది.

"ఏమన్నా తీర్పిచ్చారా?" అంది మా ఆవిడ, కాఫీ పెడుతూ.

"వాయిదా వేశాను."

అక్టోబరు 1

నేను బాగానే చదువుతున్నాను. పావు సంగతి తప్ప.

అక్టోబరు 5

బావమరిది దగ్గరికి కటింగ్‌కి వెళ్ళాను. కుర్చీ నాదే, అద్దం నాదే. కూర్చునే వైపు మాత్రం మారింది.

ఇక్కడ మా పనిలో ఒక మర్మం రాసుకోవాలి. జుట్టు పల్చబడ్డవాడు కుర్చీలో కూర్చుంటే పని చిటికెలో అయిపోతుంది. వెంటనే తువ్వాలు దులిపి లేపేస్తే చిన్నబుచ్చుకుంటాడు. అందుకని చెవి పక్కన ఉత్త గాలిలో కత్తెర ఆడిస్తాం. కిచకిచమని చప్పుడవుతూ ఉంటుంది. వాడు కళ్ళు మూసుకుని, తన తల మీద ఇంకా బోలెడు పనుందనుకుంటాడు. మధ్య మధ్యలో "ఇక్కడ బాగా ఒత్తుగా ఉందండీ" అని ఓ మాట వెయ్యాలి. దీనికి మేం పెట్టుకున్న పేరు గాలి కత్తెర. ఇది మోసం కాదు. ఇంటికెళ్ళేటప్పుడు మనిషి కాస్త పొడుగ్గా నడుస్తాడు, అంతే. బావమరిదికి ఈ విద్య నేర్పింది నేనే.

కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కత్తెర చప్పుడు హాయిగా ఉంది. "వెనక ఇంకా ఒత్తుగానే ఉంది బావా" అన్నాడు. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే ఎందుకో మెడ మీద చెయ్యి వేసుకున్నాను. ఒక్క వెంట్రుక ముక్క తగల్లేదు. కత్తెర మాత్రం ఆడుతూనే ఉంది.

"ఆపరా. ఎంతసేపైంది నా తల అయిపోయి?"

వాడు నాలిక్కరుచుకున్నాడు. "ఎలా కనిపెట్టావు బావా?"

"నేర్పినవాణ్ణి కనిపెట్టలేనా?"

"నేర్పినవాడివే. ఇన్నేళ్ళనుంచీ ఎందుకు కనిపెట్టలేదు మరి?"

అద్దంలో చూసుకున్నాను. వెనక ఇంకో అద్దం పట్టమన్నాను. "ఎందుకులే బావా" అన్నాడు. పట్టమన్నాను. పట్టాడు. చూశాను.

ఇంటికి నడుస్తూ వస్తుంటే సందు మలుపులో తట్టింది. ఆగస్టు నుంచీ కుర్చీలో కూర్చున్నది నేను. చాలా చక్కగా గ్రహించారు, అద్భుతం, ఇంకా ఎవరెవరు వచ్చేవారు. కిచకిచ, కిచకిచ. ఒక్క వెంట్రుక రాల్లేదు.

గాలి కత్తెర, నా మీదే.

అక్టోబరు 6

షాపుకొచ్చేవాళ్ళలో ఎప్పుడో ఒకడు ఉండేవాడు. కుర్చీలో కూర్చోగానే, "ఊరికే కబుర్లొద్దు, వెనక ఎంత పోయిందో ఉన్నదున్నట్టు చెప్పు" అనేవాడు. అలాంటివాడి చెవి దగ్గర ఎవడూ గాలి కత్తెర ఆడించడు. అడిగినవాడికి చెప్పి తీరాలి. అడగనివాడికి చెబితే మళ్ళీ రాడు. ట్యూటర్ని తిట్టి లాభం లేదు, నేను అడగలేదు.

పొద్దున్నే కాఫీ తాగి, ఫోను ఎదురుగా నిలబెట్టి, జడ్జి పదవికి రాజీనామా చేసి, ఇలా చెప్పాను. అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటున్నాను.

"చూడు. నన్ను మెచ్చుకోవద్దు. షాపు ఊసెత్తొద్దు. నేనెత్తినా సరే, నా నోరు ముయ్యించు. ఆ హెల్మెట్ పిల్లకి ఏ ప్రశ్న ఇస్తావో నాకూ అదే ఇవ్వు. తప్పుంటే తప్పు అను. ఇంకోసారి అద్భుతం అన్నావా, తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పడేస్తాను. ఇప్పుడు చెప్పు, నాకు ఏమేం తెలీదు?"

ఈసారి గొంతులో నవ్వు లేదు. అది నచ్చలేదు నాకు.

"రెట్టింపు దూరంలో వెలుతురు సగం కాదు, నాలుగో వంతు. మీరు చాలాసార్లు సగం అన్నారు. తగ్గుతుందన్న మాట వరకు సరే కదా అని నేను దిద్దకుండా ముందుకెళ్ళాను. అది నా పొరపాటు. రెండోది, ఎర్ర నక్షత్రం నీలం నక్షత్రం కన్నా చల్లనిది. మీరు తలకిందులుగా అనుకుంటున్నారు. మూడోది, నక్షత్రం స్థానం మారినట్టు కనబడే కోణం నుంచి దూరం ఎలా వస్తుందో మీరు ఒక్కసారీ సొంతంగా చెప్పలేదు. కథ మొదలైన చోట పాఠం ఆగిపోయింది."

"అంతేనా?"

"ఇంకా ఉన్నాయి. ముందు ఈ మూడూ చూద్దామా?"

ఈ రోజుతో అల్లుడరికం రద్దు. ఇక మీద దాని పేరు ట్యూటర్.

అక్టోబరు 7

దానితో మాట్లాడలేదు.

అక్టోబరు 8

మాట్లాడలేదు. ఎర్రది చల్లనిదేమిటి. ఇనుము కాల్చినవాణ్ణి అడగమను.

అక్టోబరు 9

ఇనుము మొదట ఎర్రబడుతుంది. ఇంకా కాలిస్తే పసుపు, ఇంకా కాలిస్తే తెలుపు. అంటే ఎరుపు మొదటి మెట్టు. ఇది నాకు ముందే తెలుసు. తెలిసిన సంగతిని దాని పక్కన ఎప్పుడూ పెట్టి చూడలేదు, అంతే.

సాయంత్రం ఫోను తీశాను. సారీ చెప్పలేదు. అది కూడా అడగలేదు.

అక్టోబరు 11

పావు.

"నా మాట నమ్మొద్దు, మీరే చూడండి" అంది. పెద్ద అట్ట మధ్యలో నాలుగంగుళాల చదరం చిల్లు కత్తిరించమంది. కత్తిరించిన ముక్క పారెయ్యొద్దంది. పట్టపగలే గది తలుపులూ కిటికీలూ మూసి, బల్ల మీద మా ఆవిడ ఫోను టార్చి వెలిగించి పెట్టాను. అట్ట పట్టుకోవడానికి మా ఆవిణ్ణి నిలబెట్టాను. టార్చికి అట్ట ఎంత దూరమో, అట్టకి గోడ అంతే దూరం. చిల్లులోంచి వెలుతురు గోడ మీద చదరంగా పడింది. పెన్సిలుతో చుట్టూ గీశాను. కత్తిరించిన ముక్క తెచ్చి ఆ గీత లోపల పెట్టి చూశాను. ఒకటి. పక్కన ఇంకొకటి. కింద రెండు. సరిగ్గా నాలుగు పట్టాయి.

ఒక ముక్క మీద పడాల్సిన వెలుతురు నాలుగు ముక్కలు పంచుకుంటున్నాయి. అడ్డంగా రెండింతలు, నిలువుగా రెండింతలు. నేను ఇన్నాళ్ళూ అడ్డం ఒక్కటే చూశాను.

"అయిందా? చేతులు లాగుతున్నాయి" అంది మా ఆవిడ.

"నాలుగు పట్టాయే."

"పట్టక ఏం చేస్తాయి? అటూ పెరిగి ఇటూ పెరిగితే నాలుగు కాక ఇంకేమవుతుంది? గోడ మీద గీతలు ఎవరు తుడుస్తారు?"

నేను తుడవలేదు. తుడవనివ్వలేదు.

ట్యూటర్‌కి చెప్పాను. "సరే. మూడింతల దూరమైతే?" అంది. అంతే. ఒక్క మెచ్చుకోలు లేదు. నాకు కొంచెం వెలితిగా అనిపించిన మాట నిజమే.

నవంబరు 2

ఇవాళ నా నోరు నొక్కేసింది. మా షాపుకొచ్చే వకీలు, విడాకుల కేసులో భార్యాభర్తలిద్దరికీ సలహా చెప్పిన కథ మొదలెట్టాను. చాలా మంచి కథ. సగంలో ఉండగా, "మీరు ఆపమన్నారు కాబట్టి ఆపుతున్నాను. కోణం సగమైతే దూరం ఎంత?" అంది. నేనే చెప్పానే అనుకో, మరీ ఇంత ఖచ్చితంగా పాటిస్తుందనుకోలేదు. పెద్దవాళ్ళు ఓ మాటంటే చూసీ చూడనట్టు పోవద్దూ.

రెట్టింపు అన్నాను. "ఎందుకు?" అంది. ఈ ఎందుకుతో చంపుతోంది.

కథ మిగతాది మా ఆవిడకి చెప్పాను. ఆవిడకి ఇదివరకే తెలుసు. విన్నది.

నవంబరు 10

తప్పు, తప్పు, తప్పు, సరే, తప్పు.

నవంబరు 14

ఆఫీసుకి పిలిపించారు. శ్రోతగా మారడానికి ఇదే ఆఖరి రోజట. గుమస్తా కాగితం నా ముందుకి తోశాడు.

"ఇక్కడ సంతకం పెట్టండి చాలు, పెద్దాయనా."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే..." కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "దానికి ఇందులో చోటు లేదండీ. ఇప్పటిదాకా అందరూ పెట్టారు."

"అయితే ఖాళీగానే ఉంచు."

మెట్ల దగ్గర మేడం ఎదురైంది. "ఆలోచించుకున్నారా? తప్పితే వచ్చే ఏడాది క్లాసులో కూర్చోడానికి కూడా ఉండదు" అంది. కూర్చోడానికైతే నాకు షాపులో కుర్చీ ఉందన్నాను. ఈసారి నవ్వింది. "రేపట్నుంచి క్లాసయ్యాక అరగంట ఉండండి. మీరూ, ఆ హెల్మెట్ అమ్మాయీ. ఒకళ్ళనొకళ్ళు ప్రశ్నలు అడగండి, నేను వింటాను" అంది.

నవంబరు 19

హెల్మెట్ అమ్మాయి మేడం కన్నా కఠినం. "తాతా, సాగదియ్యొద్దు, పాయింటుకి రండి" అంటుంది. ఇంట్లో ఫోను, క్లాసులో ఈ పిల్ల. నా జన్మలో నేను ఇంత తక్కువ మాట్లాడిన నెల లేదు.

నవంబరు 26

రేపే. మా ఆవిడ ఇస్త్రీ చేసిన చొక్కా తీసి కుర్చీకి తగిలించింది. "తప్పితే ఏం చేస్తారు?" అని అడిగింది. ఏం చేస్తానో తెలీదు. ఆ మాటే చెప్పాను. ఈ మధ్య తెలీదనడం అలవాటైంది, నోరు తిరుగుతోంది.

నవంబరు 27

వరుసగా రాయాలి. మరిచిపోకముందే.

వరండాలో ఫోన్లు తీసుకుని ఒక బుట్టలో వేశారు. హెల్మెట్ అమ్మాయి నా ముందు వెళ్ళింది. తలుపు ఓరగా ఉంది కాబట్టి ఆమెనేం అడుగుతున్నారో వినబడింది. రెండు నక్షత్రాలు అని మొదలైంది, తర్వాతి మాటలు పిల్లల గోలలో పోయాయి. బయటికొచ్చి, "గట్టిగానే ఉంది తాతా" అని నీళ్ళు తాగింది.

లోపల పరీక్ష చేసేవాయన బల్ల వెనక ఉన్నాడు. నెరిసిన గడ్డం, ఎడమ వైపు ఎగుడుదిగుడు. మేడం ఓ పక్కన కూర్చుని ఉంది. ఆయన నా కాగితం చూశాడు, నన్ను చూశాడు, మొహం మెత్తబరుచుకున్నాడు. ఆ మెత్తదనం నాకు తెలుసు.

"కూర్చోండి పెద్దాయనా. ఈ వయసులో మీ ఆసక్తి చూస్తే ముచ్చటగా ఉంది. కంగారేం లేదు. మీ షాపులో అద్దాలుండేవి కదా, ఆ అద్దాల గురించి..."

"అయ్యా, ఒక్క మనవి."

"చెప్పండి."

"నా ముందు వచ్చిన అమ్మాయిని ఏం అడిగారో నన్నూ అదే అడగండి."

ఆయన మేడం వైపు చూశాడు. మేడం కాగితాల వైపు చూసింది.

"అది కొంచెం కష్టం, పెద్దాయనా. మీ మంచికే చెబుతున్నాను."

"తెలుసండీ. నా మంచికే చెబుతున్నారని తెలుసు. అయినా అదే అడగండి. తప్పితే ఆ ప్రశ్నకే తప్పుతాను. అద్దాల మీద పాసై ఇంటికెళ్తే మా ఆవిడ కూడా నమ్మదు."

ఆయన మొహంలోంచి మెత్తదనం పోయింది. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. నేనూ సర్దుకుని కూర్చున్నాను.

"సరే. రెండు నక్షత్రాలు మనకి ఒకే వెలుతురుతో కనబడుతున్నాయి. ఒకటి రెండోదాని కన్నా మూడింతల దూరంలో ఉంది. ఆ దూరంది అసలు ఎంత ఎక్కువ వెలుగునిస్తూ ఉండాలి?"

నాలిక చివరిదాకా మూడు వచ్చింది. మింగేశాను. అట్టముక్క ఒకటి కళ్ళ ముందు పెట్టుకుని, అడ్డంగా మూడు పరిచాను, నిలువుగా మూడు పరిచాను. చాలాసేపు పట్టింది. ఆయన తొందరపెట్టలేదు.

"తొమ్మిదింతలు."

"ఆ దూరందే ఎర్రగా ఉంది. దగ్గరిది నీలంగా ఉంది. ఎర్రది తొమ్మిదింతలు ఎక్కువ వెలుగు ఎలా ఇస్తుంది?"

"ఎర్రది..." ఆగాను. "ఎర్రది చల్లనిదండీ. చల్లనిదైతే, అంగుళం లెక్కన చూస్తే తక్కువ వెలగాలి. అయినా మొత్తం మీద ఎక్కువ ఇస్తోందంటే, దానికి అంగుళాలు ఎక్కువుండాలి. అంటే అది చాలా పెద్దది. తొమ్మిదింతలతో సరిపోదు, ఇంకా పెద్దదే అయ్యుండాలి. ఎంత పెద్దదో లెక్కకట్టడం నాకు రాదు."

"అది అడగలేదు లెండి. మూడింతల దూరం అన్నాను. మూడింతలని మనకెలా తెలిసింది?"

కోణం గురించి చెప్పాను. భూమి సూర్యుడికి ఈ పక్క ఉన్నప్పుడొకసారి, ఆ పక్క ఉన్నప్పుడొకసారి చూస్తే దగ్గర నక్షత్రం ఎక్కువ జరిగినట్టు కనబడుతుంది, దూరంది తక్కువ జరిగినట్టు కనబడుతుంది. దూరం మూడింతలైతే ఆ జరుగుడు మూడో వంతు. ఎందుకు అని ఆయన అడక్కముందే ఎందుకో చెప్పాను. అలవాటైపోయింది.

"ఇంకా దూరం పోతే? కోణం అసలు కొలవడానికే లేనంత దూరంలో ఉంటే?"

వెతికాను. లోపలున్న గదులన్నీ తలుపులు తీసి వెతికాను. ఏమీ లేదు. కథలు మాత్రం మూడు నాలుగు దొరికాయి. ఏదైనా ఎత్తుకుని ఉంటే ఓ పావుగంట నడిపేసేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కూడా.

"తెలీదండీ."

"ఆలోచించి చెప్పండి."

"ఆలోచించే చెబుతున్నాను. తెలీదు. ఎలా కొలుస్తారు?"

"ఇక్కడ ప్రశ్నలడిగేది నేను" అన్నాడు, కానీ గొంతులో కోపం లేదు. కాగితం మీద ఏదో రాసుకుంటూ, "అది రెండో ఏడాది పాఠం" అన్నాడు.

బయటికి వచ్చాక హెల్మెట్ అమ్మాయి, "ఎలా చేశారు తాతా?" అంది. మూడోదాని చివర తెలీదన్నానని చెప్పాను. "నేనేదో కల్పించి చెప్పాను, తప్పన్నాడు" అంది. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. నేను మాట్లాడకుండా కూర్చున్నందుకు ఆ పిల్లకి అనుమానమొచ్చి, ఒంట్లో బాగుందా అని అడిగింది.

డిసెంబరు 3

ఫలితాలు ఇంకా పెట్టలేదు.

డిసెంబరు 5

పెట్టలేదు. తప్పితే తప్పుతాను. అద్దాల మీద మాత్రం పాసవ్వలేదు, అది ఖాయం.

డిసెంబరు 8

నోటీసు బోర్డు మీద పెట్టారు. మార్కుల వరుసలో, పాసైనవాళ్ళ పేర్లు మాత్రమే. మా ఆవిడ కూడా వస్తానంది. కళ్ళజోడు తుడుచుకుని, పై పేరు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటీ వేలు పెట్టి కిందికి చదువుకుంటూ వచ్చింది. నేను కింది నుంచి మొదలుపెట్టాను. అట్నుంచి మొదటి పేరే నాది. చెప్పకుండా నిలబడ్డాను. ఆవిడ వేలు అన్ని పేర్లూ దాటి అంత కిందికీ వచ్చేదాకా ఆగాను.

రెండో ఏడాదికి ఆవిడకి ఇంత శ్రమ పెట్టకూడదు.